ఇద్దరే ఉన్న బోటులో ఇద్దరూ సరంగులే కావాలి

నమస్కారమండి. మీ ప్రశ్న చదివాను. 32 అడుగుల క్యాబిన్ బోటు, 150 హార్స్‌పవర్ డీజిల్ ఇంజను ఒకటి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. సంక్రాంతి వెళ్ళాక మీరూ మీ ఆవిడా విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి తీరం వెంట నింపాదిగా కాకినాడ దాకా వెళ్ళి రావాలనుకుంటున్నారు. ఏ నెల మంచిది, ఎటు వెళ్ళాలి, రాత్రిళ్ళు ఎక్కడ ఆగాలి, డీజిల్ ఎంత, అనుమతులేమిటి అని అడిగారు. చివర్లో ఒక మాట రాశారు: "బోటు సంగతి నేను చూసుకుంటాను, మా ఆవిడకి ఇవేమీ తెలీవు, తను వంటా గింటా చూసుకుంటుంది." అన్నిటికంటే ముందు ఆ మాట గురించే చెప్పాలి. నేను మెరైన్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మేమిద్దరం కూడా సొంత బోటులో ఈ తీరంలో తిరుగుతుంటాం. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

చేపల వేటకి వెళ్ళే మరబోటులో సరంగుకి, అంటే బోటు నడిపే పెద్దకి, ఒంట్లో బాగోకపోతే చుక్కాని పట్టుకునే చెయ్యి ఇంకోటి ఉంటుంది. మీ బోటులో ఉండేది ఇద్దరే. మీకు కళ్ళు తిరిగినా, చెయ్యి విరిగినా, మీరు నీళ్ళలో పడినా బోటు మీద మిగిలేది మీ ఆవిడ ఒక్కరే. ఆవిడకి ఇంజను ఆపడం రాకపోతే బోటు మీ నుంచి దూరంగా వెళ్ళిపోతూనే ఉంటుంది. అందుకని దారి, సమయం, ఎంత దూరం వెళ్ళొచ్చు అన్నవన్నీ ఒకే ప్రశ్నతో తేల్చుకోండి: ఇక్కడి నుంచి మీ ఆవిడ ఒక్కరే బోటుని ఒడ్డుకి తేగలరా? తేలేని చోటికి ఇంకా వెళ్ళే రోజు రాలేదన్నమాట.

ఆవిడ నేర్చుకోవాల్సింది నిజానికి ఎక్కువేమీ కాదు. ఇంజను స్టార్ట్ చెయ్యడం, ఆపడం. గేరు న్యూట్రల్‌లో పెట్టడం. కంపాస్ చూసి ఒక దిక్కుగా నడపడం, వచ్చిన దారినే వెనక్కి తిప్పడం. లంగరు వెయ్యడం. జీపీఎస్ మీద అక్షాంశం రేఖాంశం చదివి చెప్పడం. వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్ పెట్టి, "మేడే" (ప్రాణాపాయంలో ఉన్నామనే పిలుపు) అని మూడుసార్లు అని, బోటు పేరు, ఎక్కడున్నారు, ఏమైంది, ఎంతమంది ఉన్నారు అన్నవి వరసగా చెప్పడం. ఈ మాటలన్నీ పెద్దక్షరాలతో తెలుగులోనే రాసి రేడియో పక్కన అంటించండి. కంగారులో గుర్తు తెచ్చుకునే పని ఉండకూడదు, చదివితే చాలు అన్నట్టుండాలి. రేడియోకి డీఎస్‌సీ (బటన్ నొక్కితే తనంతట ఆపద సంకేతం పంపే ఏర్పాటు) ఉంటే ఎర్ర బటన్ మూత తీసి ఎంతసేపు నొక్కిపట్టాలో చూపించండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసు నంబరు 1093. రెండూ ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.

నేర్పడం కూడా ఒడ్డున కూర్చుని చెప్పే పాఠంలా వద్దు. హార్బర్ దాటగానే స్టీరింగ్ ఆవిడ చేతికిచ్చి మీరు పక్కన కూర్చోండి. వెళ్ళేటప్పుడు ఆవిడ, వచ్చేటప్పుడు మీరు. తప్పు తిప్పితే అరవకండి. మొగుడి అరుపులకి విసిగి బోటు ఎక్కడమే మానేసిన ఆడవాళ్ళని చూశాను. ఆ తర్వాత ఆ బోట్లు హార్బర్‌లో కట్టినవి కట్టినట్టే ఉండిపోయాయి.

ఇక మనిషి నీళ్ళలో పడడం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఇద్దరే ఉన్న బోటుకి అన్నిటికంటే పెద్ద ప్రమాదం అదే కాబట్టి. పడకుండా ఉండడమే మొదటి సంగతి. ఏదో ఒకటి పట్టుకోకుండా డెక్ మీద అడుగు తీసి అడుగు వెయ్యొద్దు. మూత్రానికి బోటు అంచున నిలబడే అలవాటు మగవాళ్ళు మానుకోవాలి. లైఫ్ జాకెట్ అంటే సీటు కింద పెట్టేది కాదు, హార్బర్ దాటినప్పటి నుంచీ ఒంటి మీద ఉండేది. నీళ్ళలో పడగానే తనంతట ఉబ్బే, 150 న్యూటన్ల తేల్చే బలం ఉన్న రకం కొనండి. పలచగా ఉంటుంది, మన ఎండకి అదే భరించగలం.

అయినా ఎవరో ఒకరు పడ్డారనుకుందాం. మిగిలినవారు ముందు ఇంజను న్యూట్రల్ చెయ్యాలి, చేతికందిన లైఫ్‌బాయ్ (నీళ్ళ మీద తేలే రింగు) విసరాలి, జీపీఎస్‌లో మనిషి పడిన చోటుని గుర్తుపెట్టే ఎంఓబీ బటన్ నొక్కాలి. తర్వాతే బోటు తిప్పడం. తిప్పుతూనే వీలైనంతసేపు నీళ్ళలో ఉన్న తల మీంచి చూపు తీయకూడదు. కెరటాల మధ్య మనిషి తల కొద్ది దూరంలోనే కనబడకుండా పోతుంది. బోటు ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా నెమ్మదిగా దగ్గరికి రావాలి. పక్కకి చేరాక ఇంజను పూర్తిగా ఆపెయ్యాలి. న్యూట్రల్ సరిపోదు, తిరిగే ప్రొపెల్లర్ దగ్గర మనిషి కాళ్ళుంటాయి.

దగ్గరికి రావడం వరకు చాలామంది సాధన చేస్తారు. పైకి తియ్యడం సాధన చేసేవాళ్ళు అరుదు. తడిసిన బట్టలతో, నీరసించిన 80 కిలోల మనిషిని రెండు చేతులతో ఎవరూ పైకి లాగలేరు. వెనకవైపు మెట్లుంటే చివరి మెట్టు నీళ్ళలోకి బాగా దిగి ఉండాలి, కనీసం మూడు మెట్లు నీళ్ళలో మునగాలి. కెరటం ఉన్నప్పుడు బోటు వెనక భాగం లేచి పడుతూ మనిషి నెత్తిన కొట్టగలదు, అందుకని పక్కనుంచి ఎక్కే ఏర్పాటు కూడా కావాలి. చంకల కింద నుంచి వేసే పట్టీ ఒకటి, నాలుగు తాళ్ళ కప్పీ సెట్టు ఒకటి తీసుకుని, క్యాబిన్ మీద గట్టి చోట తగిలించుకునేలా అమర్చండి. లెక్క ప్రకారం 80 కిలోలు అప్పుడు 20 కిలోల లాగుడుకి వస్తుంది, రాపిడి వల్ల ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ఆ బరువు మీ ఆవిడ లాగగలరు. ఇది ఊహించుకుని వదిలెయ్యకండి. సముద్రం పలకలా ఉన్న పొద్దున రుషికొండ ముందర, స్నానాలు చేసేవాళ్ళకి దూరంగా లంగరు వేసి, బాగా ఈతొచ్చిన మూడో మనిషిని తోడు పెట్టుకుని, మీరు జాకెట్‌తో నీళ్ళలోకి దిగండి. ఆవిడ మిమ్మల్ని పైకి తియ్యాలి. తర్వాత ఆవిడ దిగాలి, మీరు తియ్యాలి. ఈ పని అయ్యేదాకా కాకినాడ మాట ఎత్తొద్దని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు కాలం. జనవరి రెండో సగం నుంచి మార్చి దాకా మన తీరానికి మంచి రోజులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటిందని మీకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్ వచ్చేసరికి నైరుతి గాలి బలపడుతుంది, జూన్ నుంచి సెప్టెంబరు దాకా కెరటం పెద్దది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం ఉంటుంది కదా, సముద్రం ఖాళీగా ఉంటుందని కొందరు అప్పుడు బయల్దేరతారు. ఖాళీ సముద్రమంటే పిలిస్తే పలికేవాళ్ళు తక్కువని కూడా అర్థం.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) రోజూ సముద్రం పరిస్థితి అంచనా ఇస్తుంది. అందులో గాలి ఒక్కటే చూసి ఊరుకోకండి, స్వెల్ (దూరం నుంచి వచ్చే కెరటాలు) ఎత్తూ, దాని పీరియడూ (ఒక కెరటానికీ తర్వాతి దానికీ మధ్య సెకన్లు) చూడండి. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టిన కెరటాలు ఇక్కడ ఆకు కదలని రోజున కూడా వచ్చి చేరతాయి. లోతులో ఉన్నప్పుడు బోటుని మెల్లగా ఎత్తి దించుతాయంతే. లోతు తగ్గిన చోట, నది సముద్రంలో కలిసే మొగల దగ్గర అవే నిలువుగా లేచి విరుగుతాయి. పీరియడ్ 12 సెకన్లు దాటి కనిపిస్తే ఒడ్డు దగ్గర లంగరు వేసే ఆలోచన మానుకోండి.

దారి విషయంలో అందరూ భీమిలి వైపే వెళ్ళమంటారు. అందమైన దారే. కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ వరసగా ఎడమచేతి పక్క కదులుతుంటే ఏడు నాట్ల (గంటకి ఏడు నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 13 కిలోమీటర్లు) వేగం కూడా ఎక్కువనిపిస్తుంది. కానీ మొదట అటు వద్దంటాను. ఫిబ్రవరి, మార్చిల్లో పొద్దున్న నేల గాలి పలచగా ఉంటుంది, మధ్యాహ్నానికి నైరుతి నుంచి సముద్రపు గాలి లేస్తుంది. పైగా ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వెంట ప్రవాహం ఈశాన్యానికి నడుస్తుంది. భీమిలి ఉన్నది ఈశాన్యంలో. వెళ్ళేటప్పుడు హాయిగా వెళ్ళిపోతారు. అలసిపోయి మధ్యాహ్నం తిరుగు దారి పట్టేసరికి గాలి, ప్రవాహం, పొట్టి కెరటాలు మూడూ ముఖాన కొడతాయి, ఎండ కూడా నైరుతికి వాలి కళ్ళలో పడుతుంది. దక్షిణానికి వెళితే లెక్క తిరగబడుతుంది. చల్లటి పొద్దున నిశ్చలంగా ఉన్న నీళ్ళలో ఎదురు ప్రవాహం మీద వెళ్ళి, మధ్యాహ్నం గాలి వెనక్కి చేరాక ఇంటికొస్తారు. కష్టమంతా ఒంట్లో ఓపికున్నప్పుడే అయిపోతుంది.

అందుకని మొదటి పూట ప్రయాణానికి అప్పికొండ మంచిది. హార్బర్ నుంచి సుమారు 10 నాటికల్ మైళ్ళు, అంటే పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు. డాల్ఫిన్స్ నోస్ కొండ చుట్టి, యారాడ తీరం దాటి, గంగవరం పోర్టు ముందునుంచి వెళ్ళాలి. డాల్ఫిన్స్ నోస్ కింద పోర్టులోకి పోయే దారి ఇరుకు. పెద్ద ఓడలు ఆ కాలువ వదిలి పక్కకి జరగలేవు, అంతర్జాతీయ నియమాల్లో 9వది కూడా 20 మీటర్ల లోపు పడవలు వాటికి అడ్డు రాకూడదనే అంటుంది. ఓడ లోపలికో బయటికో కదులుతుంటే ఆగండి. గంగవరం దగ్గరా అంతే, ఓడల దారిని ఏటవాలుగా కాక అడ్డంగా, త్వరగా దాటెయ్యండి. 12 నాట్లతో వచ్చే ఓడ ఐదు నిమిషాల్లో ఒక నాటికల్ మైలు మింగేస్తుంది. దూరంగా కదలనట్టు కనిపించేది కాసేపట్లో మీ నెత్తి మీద ఉంటుంది. ఏఐఎస్ ట్రాన్స్‌పాండర్ పెట్టుకుంటే ఓడల తెర మీద మీరు కనిపిస్తారు, ఆ ఖర్చుకి వెనకాడకండి. లంగరేసి ఉన్న ఓడల ముక్కు దగ్గర్నుంచి కాకుండా వెనకనుంచి దాటండి. నౌకాదళం ఓడలు కనిపిస్తే ఎంత వీలైతే అంత దూరం.

వలల గురించి. మన తీరంలో ప్రొపెల్లర్‌కి రాయి కంటే వలే ఎక్కువ ప్రమాదం. తేలే బుడ్డులు, జెండా కర్రలు కనిపిస్తే రెండు చివర్లూ ఎక్కడున్నాయో తేలేదాకా వేగం తగ్గించండి. వల వేస్తున్న పడవ దగ్గర చెయ్యి ఊపి అడిగితే ఎటు వెళ్ళాలో వాళ్ళే చూపిస్తారు. పొద్దున్న భీమిలి వైపు వెళ్ళేటప్పుడు కుడిపక్క నీళ్ళ మీద ఎండ తళతళలాడి బుడ్డులు కనపడవు, కాబట్టి ఒకరు నడుపుతుంటే ఒకరు నీళ్ళ మీదే కన్నేసి ఉండాలి. చీకట్లో ఒడ్డు దగ్గర నడపనే వద్దు. వల చుట్టుకుంటే ఇంజను ఆపి, లంగరు వేసి, అప్పుడే కోయడం గురించి ఆలోచించండి. తెగిన వల ఎవరిదో తెలిస్తే వెళ్ళి డబ్బు కట్టండి. ఆ వల ఒక ఇంటి జీవనాధారం. రేపు మీ ఇంజను ఆగిపోతే కోస్ట్ గార్డ్ కంటే ముందు మీ దగ్గరికి వచ్చేది కూడా ఆ జాలరి పడవే. శీతాకాలం చివర్లో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి. ఒడ్డు దగ్గర వేగం తగ్గించడానికి అదీ ఒక కారణం.

డీజిల్ లెక్క తేలిక. డీజిల్ ఇంజను ఒక హార్స్‌పవర్‌ని గంటసేపు ఇవ్వడానికి పావు లీటరుకి కాస్త తక్కువ తాగుతుంది. మీ బోటు నీటి గీత దగ్గర 28 అడుగులుందనుకుంటే నీళ్ళని చీల్చుకుంటూ సులువుగా పోయే వేగం ఏడు నాట్లు. దానికి 30 హార్స్‌పవర్ చాలనుకోండి, గంటకి ఏడు లీటర్లు, అంటే నాటికల్ మైలుకి ఒక లీటరు. పూర్తిగా తొక్కితే గంటకి 35 లీటర్లు పోయి, వేగం మాత్రం రెట్టింపు కూడా కాదు. నింపాదిగా వెళ్ళాలన్న మీ కోరిక జేబుకి కూడా మంచిది. ట్యాంకులో ఉన్నదాంట్లో మూడో వంతు వెళ్ళడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ముట్టుకోకుండా. అసలు ఖర్చు ఎంతో మీ బోటు మీదే కొలిచి రాసుకోండి.

సెకండ్ హ్యాండ్ బోటు కాబట్టి ట్యాంకు శుభ్రం చేయించారో లేదో చూడండి. హార్బర్‌లో కదలకుండా ఉన్నంతకాలం అడుగున మడ్డీ, నీళ్ళూ పేరుకుని ఉంటాయి. బయట మొదటి కెరటాలకి అదంతా లేచి ఫిల్టర్‌కి అడ్డం పడి ఇంజను ఆగిపోతుంది. అదీ సరిగ్గా గాలి లేచిన వేళ ఆగుతుంది, ఊపు ఎక్కువ ఉండేది అప్పుడే గదా. రెండు ఫిల్టర్లు, ఒక ఇంపెల్లర్ (ఇంజనుని చల్లబరిచే నీళ్ళ పంపులో తిరిగే రబ్బరు చక్రం), బెల్టు దగ్గరుంచుకుని మార్చడం ఇద్దరూ నేర్చుకోండి. సముద్రపు నీళ్ళు లాగే స్ట్రైనర్‌లో ప్లాస్టిక్ కవర్లూ జెల్లీ చేపలూ ఇరుక్కుంటాయి, ఇంజను వేడెక్కితే ముందు అక్కడ చూడండి. వంటకి గ్యాస్ వాడితే సిలిండర్ దగ్గరే వాల్వు కట్టెయ్యాలి. వంటగ్యాస్ గాలి కంటే బరువు, కారితే బోటు అడుగుకి దిగి అక్కడే ఉంటుంది. 2023 నవంబరులో మన ఫిషింగ్ హార్బర్‌లో పక్కపక్కన కట్టిన బోట్లు ఒకదాన్నుంచి ఒకటి ఎలా అంటుకున్నాయో ఊరంతా చూసింది. పూటకి వెళ్ళొచ్చే ప్రయాణాలకి పులిహోర, పెరుగన్నం, మజ్జిగ ఇంటినుంచి పట్టుకెళ్ళడం మేలు. అప్పుడు మీ ఆవిడకి వంటపని ఉండదు, స్టీరింగ్ పట్టుకునే తీరిక ఉంటుంది.

కాగితాలు: బోటు రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, రేడియో లైసెన్సు, ఇద్దరి ఆధార్ నీళ్ళు చొరని సంచిలో పెట్టుకోండి. బయల్దేరే ముందు పోర్టు వాళ్ళకీ మెరైన్ పోలీసుకీ ఎక్కడికి, ఎంతమంది, ఎప్పుడు తిరిగొస్తారో చెప్పండి. 2008 ముంబయి దాడుల తర్వాత తీరం మీద నిఘా గట్టిగా ఉంటుంది. ఆపి అడిగితే ఓపిగ్గా జవాబివ్వండి. తురాయా, ఇరిడియం శాటిలైట్ ఫోన్లు మన దేశంలో నిషేధం, విదేశాల్లో ఉన్న పిల్లలు పంపినా బోటెక్కించకండి.

రాత్రి ఆగడం గురించి నిజం చెప్పాలంటే, విశాఖకీ కాకినాడకీ మధ్య మీలాంటి బోటుకి ధైర్యంగా తల దాచుకోమని నేను చూపించగల చోటు లేదు. పూడిమడక, పెంటకోట లాంటివి తెరిచిన తీరంలోని జాలరి ఊళ్ళు. వాళ్ళు కెరటం మీద పడవని ఒడ్డెక్కిస్తారు, మీ బోటుతో ఆ పని కాదు. రాంబిల్లి దగ్గర నౌకాదళం స్థావరం కడుతోంది, అటు ఒడ్డుకి చేరనే వద్దు. కాబట్టి మొదటి రాత్రి భీమిలి ముందర గడపండి. సుమారు 15 నాటికల్ మైళ్ళు. ఎదురుగాలి సంగతి పైన చెప్పాను, రాత్రి ఆగితే ఆ చిక్కు తీరుతుంది. మర్నాడు తెల్లవారగానే గాలి లేవకముందే బయల్దేరి టిఫిను వేళకి హార్బర్‌లో ఉంటారు. గోస్తనీ మొగలోకి వెళ్ళకండి, ఇసుక మేట ఏ నెలకానెల మారుతుంది. బయట ఆరేడు మీటర్ల లోతులో, ఇసుక అడుగున, లోతుకి ఐదింతలకి తగ్గకుండా గొలుసూ తాడూ వదలండి, రాత్రికి ఏడింతలు. లంగరు జారితే మోగే అలారం, అన్ని వైపులా కనిపించే తెల్ల దీపం ఉండాలి, వంతులేసుకుని మెలకువగా ఉండాలి. స్వెల్ మీటరు లోపు ఉన్న రోజే. బోటు పక్కలకి ఊగుతుంది, వాంతుల మాత్ర ముందు రోజు రాత్రే వేసుకోండి.

భీమిలి దాటి ఇంకా పైకి వద్దు. చింతపల్లి దగ్గర తీరానికి దూరంగా సముద్రంలో రాళ్ళున్నాయి, అక్కడి లైట్‌హౌస్ ఆ ప్రమాదం కోసమే. కళింగపట్నం 60 నాటికల్ మైళ్ళు, చేరాక కూడా తెరిచిన ఒడ్డే.

కాకినాడ 70 నాటికల్ మైళ్ళు. ఏడు నాట్లతో పది గంటలు, ఎదురు ప్రవాహం ఉంటే ఇంకా ఎక్కువ. ఫిబ్రవరిలో ఆరు దాటాక వెలుతురొస్తే బయల్దేరి, సాయంత్రం ఆరింటికి పొద్దుగూకేలోపు హోప్ ఐలాండ్ వెనక్కి చేరాలి. చేరాక అది నిజమైన ఆశ్రయం, ఆ ఇసుక దిబ్బ బంగాళాఖాతం కెరటాన్ని ఆపుతుంది. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకి మీరు ఇంకా దారిలోనే ఉంటారు, గాలి అప్పుడే ముఖాన లేస్తుంది. కాబట్టి పదింటికి ఎంత దూరం వచ్చారో చూసుకోండి. 25 నాటికల్ మైళ్ళు దాటకపోతే వెనక్కి తిరగండి. గాలీ ప్రవాహమూ అప్పుడు మీవైపే ఉంటాయి. ఆ నిర్ణయం బయల్దేరే ముందే ఇద్దరూ అనుకుని ఉండాలి. తిరుగుదామని ఇద్దరిలో ఎవరన్నా రెండోవాళ్ళు మాట్లాడకుండా తిప్పాలి. ఈ మొదటి ప్రయాణం మాత్రం ఈ తీరం తెలిసిన సరంగుని ఒకరిని వెంటబెట్టుకుని చెయ్యండి. కూలీ ఇచ్చి, భోజనం పెట్టి, గౌరవంగా పిలవండి. ఆ పది గంటల్లో మీ ఆవిడ ఆయన పక్కన కూర్చుని నేర్చుకునేది నేను ఎంత రాసినా రాదు.

మీ బోటు అంచు నీళ్ళ మీంచి ఎంత ఎత్తుందో, వెనక మెట్లున్నాయో లేదో, క్యాబిన్ మీద కప్పీ తగిలించే చోటుందో ఫోటోలతో పెట్టండి. మనిషిని పైకి లాగే అమరిక ఎక్కడ బిగించాలో చూసి చెబుతాను.